చేరినదే సందేశం

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఏర్పడిన లంకభూమియే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలూ, నదీసాగర సంగమస్థానమైన హంసలదీవీ ఈ సీమలోనివే. 1977 నవంబరు 19వ తేదీ శనివారం నాడు ఈ సీమను ముంచెత్తిన ఉత్పాతాన్ని ప్రజలు నేటికీ ‘దివిసీమ ఉప్పెన’ అనే పిలుస్తారు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రజలం కొన్ని కిలోమీటర్ల మేర లోపలికి చొచ్చుకొచ్చింది. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పశుసంపద నశించింది. పచ్చని పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి.

ఆనాడు తుపాను రాక ఎవరికీ తెలియనిది కాదు. వాతావరణ శాఖ హెచ్చరికలు జారీ చేసింది. ఆకాశవాణి వాటిని ప్రసారం చేసింది. అయినా ఆ మాటలు తీరగ్రామాల్లోని గుడిసెలన్నింటికీ చేరలేదు. చేరినచోట కూడా రాబోయే ప్రమాదం ఎంతటిదో బోధపడే రీతిలో చేరలేదు. గాలి ఉద్ధృతికి స్తంభాలు కూలి, తీగలు తెగిపోయిన తరువాత సీమ నుండి బయటికి కబురు రావడం కూడా దుర్లభమైంది. పంపినవారి దృష్టిలో సందేశం వెళ్లింది. అందుకోవలసినవారి దృష్టిలో అది రాలేదు.

పంపడం వేరు, చేరడం వేరు. వినడానికి ఇది అతి సామాన్యమైన మాట. కాని ఈ భేదాన్ని గుర్తించి, దానికి తగిన ఏర్పాట్లు చేసుకోవడానికి మానవునికి చాలాకాలం పట్టింది. ఒక కంప్యూటరులోని ఫైలును మరొక కంప్యూటరుకు తెచ్చుకొనే చిన్న ప్రోగ్రామును సి భాషలో రాయబూనిన విద్యార్థికి ఎదురయ్యే మొదటి పాఠమూ, చివరి పాఠమూ ఇదే.

ఈ తీరానికి ఉప్పెన కొత్తది కాదు. 1864 నవంబరులో వచ్చిన తుపానుకు మచిలీపట్నంలోనూ పరిసరాల్లోనూ దాదాపు 30,000 మంది మరణించారు. అంతకు కొద్దివారాల ముందే, అదే సంవత్సరం అక్టోబరులో, కలకత్తాను మరొక తుపాను ధ్వంసం చేసింది. అప్పటికే దేశంలో తంతి తీగలున్నాయి. కాని వాటి మీదుగా తుపాను కబురును క్రమపద్ధతిలో పంపే వ్యవస్థ లేదు. ఇటువంటి అనుభవాల ఫలితంగానే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. తీగ ఉన్నంత మాత్రాన సందేశం ప్రయాణం చేయదు. ఎవరు, ఎవరికి, ఏ రూపంలో, ఏ క్రమంలో పంపాలో నిర్ణయించే నియమావళి కూడా ఉండాలి. కంప్యూటరు పరిభాషలో అటువంటి నియమావళినే ‘ప్రోటోకాల్’ అంటారు.

నేడు మచిలీపట్నంలో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడార్ ఉంది. మేఘాల దూరాన్నీ, గాలి వేగాన్నీ అది కొలుస్తుంది. అది కొలిచినదంతా అంకెల రూపంలో ఫైళ్లుగా మారుతుంది. ఆ ఫైళ్లు తుపాను గమనాన్ని అంచనా వేసే కేంద్రాలకు చేరినప్పుడే రాడార్ ఉన్నందుకు ప్రయోజనం. ప్రపంచ వాతావరణ సంస్థ ఆధ్వర్యంలో దేశదేశాల వాతావరణ కేంద్రాలు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి అనుసరించిన పద్ధతులలో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్’ ఒకటి. దీనినే సంక్షిప్తంగా ఎఫ్.టి.పి. అంటారు. 1971 ఏప్రిల్‌లో దీని తొలి రూపాన్ని రచించినవాడు అభయ్ భూషణ్ అనే భారతీయుడు. అలహాబాదులో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి. తొలి బృందంలో పట్టా పొంది, అమెరికాలోని ఎం.ఐ.టి.లో పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆయన ఈ పని చేశాడు. అనేక సవరణల తరువాత 1985లో దీనికి నేటి ప్రామాణిక రూపం ఏర్పడింది.

గుడివాడలోని ఒక కళాశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థిని కూర్చుని ఉందనుకుందాం. మచిలీపట్నంలోని మరొక కంప్యూటరులో ఒక మేఘచిత్రం ఫైలుగా ఉంది. దాన్ని ఆమె తన కంప్యూటరుకు తెచ్చుకోవాలి. అడిగినవారికి ఫైళ్లను అందించే కంప్యూటరును ‘సర్వర్’ అనీ, అడిగి తెచ్చుకొనే ప్రోగ్రామును ‘క్లయింట్’ అనీ అంటారు. ఆమె రాయదలచినది క్లయింట్. దీనికి రంగురంగుల బొమ్మలు, మీటలు అవసరం లేదు. నల్లని తెరపై ప్రోగ్రాము పేరు, దాని పక్కన సర్వరు పేరు, ఫైలు పేరు టైపు చేస్తే చాలు. ఇటువంటి ప్రోగ్రామునే ‘కమాండ్ లైన్’ ప్రోగ్రాము అంటారు. టైపు చేసిన ఆ మాటలు సి భాషలోని ‘మెయిన్’ అనే ప్రమేయానికి వరుసగా అందుతాయి. మాటలు తక్కువైతే, వాడవలసిన విధానాన్ని ఒక వాక్యంలో తెలిపి ఆగిపోవడం మంచి ప్రోగ్రాము లక్షణం.

మొదటి పని చిరునామా కనుగొనడం. మనుషులకు పేర్లు గుర్తుంటాయి. యంత్రాలకు అంకెలు కావాలి. సర్వరు పేరు చెప్పి, దాని అంకెల చిరునామాను తెలుసుకోవడానికి సి భాషలో ‘గెట్ యాడర్ ఇన్ఫో’ అనే ప్రమేయం ఉంది. తరువాత ‘సాకెట్’ అనే ప్రమేయాన్ని పిలిస్తే, సంభాషణకు ఒక ద్వారం ఏర్పడుతుంది. ఈ సాకెట్ పద్ధతి 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణం నుండి వెలువడిన యూనిక్స్‌తో ప్రచారంలోకి వచ్చింది. చివరగా ‘కనెక్ట్’ అనే ప్రమేయం ఆ ద్వారాన్ని సర్వరులోని 21వ నంబరు ద్వారంతో కలుపుతుంది. ఈ ప్రమేయాలలో ప్రతి ఒక్కటీ తాను సఫలమైనదో విఫలమైనదో ఒక అంకె రూపంలో తెలియజేస్తుంది. సాకెట్, కనెక్ట్ విఫలమైతే వచ్చే విలువ ఋణాత్మకమైన 1. ఆ విలువను చూడకుండా ముందుకు సాగే ప్రోగ్రాము, జవాబు వినకుండా మాట్లాడుతూ పోయే మనిషి వంటిది.

కలిపిన తరువాత సమాచారం ఎలా ప్రయాణిస్తుంది? గుడివాడ ఒక రైల్వే జంక్షన్. విజయవాడ నుండి వచ్చే మార్గం అక్కడ మచిలీపట్నం వైపుకూ, భీమవరం వైపుకూ చీలుతుంది. ఏ బండి ఏ దారిన పోవాలో అక్కడ నిర్ణయమవుతుంది. అంతర్జాలంలోనూ సమాచారం చిన్న చిన్న తునకలుగా విడిపోయి, ఇటువంటి కూడళ్ల మీదుగా ప్రయాణిస్తుంది. దారిలో కొన్ని తునకలు తప్పిపోవచ్చు. కొన్ని ముందు వెనుకలుగా రావచ్చు. తప్పిన వాటిని తిరిగి పంపించి, వచ్చిన వాటిని వరుసలో పేర్చే బాధ్యతను ‘టి.సి.పి.’ అనే మరొక ప్రోటోకాల్ వహిస్తుంది. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే శాస్త్రజ్ఞులు 1974లో దీనికి పునాది వేశారు.

అయితే టి.సి.పి. స్వభావంలో ఒక మెలకువ ఉంది. విజయవాడ నుండి మచిలీపట్నం దాకా సాగే బందరు కాలువను తలచుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. కాలువ తలలో ఒకడు పది బిందెల నీరు పోశాడనుకుందాం. దిగువన ఉన్నవాడికి ఆ పది బిందెల హద్దులు కనిపించవు. అతనికి కనిపించేది ప్రవాహమే. ఒకసారి ముంచితే అర బిందె రావచ్చు. మరొకసారి నిండు బిందె రావచ్చు. అలాగే ‘రిసీవ్’ అనే ప్రమేయాన్ని 4096 బైట్లు కావాలని అడిగితే, అది 4096 ఇవ్వవచ్చు, 700 ఇవ్వవచ్చు, 1 మాత్రమే ఇవ్వవచ్చు. ఒక్కసారి పిలిస్తే ఫైలంతా వచ్చేస్తుందని భావించడం ప్రారంభకులు తరచుగా చేసే పొరపాటు. తమ బల్ల మీద పరీక్షించినప్పుడు అది సరిగానే పనిచేస్తుంది. గాలివానలో, బలహీనమైన దారిలో, అవసరమైన వేళ విఫలమవుతుంది. కనుక రిసీవ్‌ను ఒక ఆవృతంలో ఉంచి, ప్రవాహం ఆగేవరకు మళ్లీ మళ్లీ పిలవాలి. ప్రతిసారీ వచ్చిన బైట్లను మాత్రమే ఫైలులో రాయాలి.

ఇక సర్వరుతో సంభాషణ. ఎఫ్.టి.పి. గొప్పదనం ఏమంటే, ఇందులో ప్రతి ఆదేశానికీ జవాబు ఉంటుంది. ఒకప్పుడు మనియార్డరు పంపినవారికి, సొమ్ము అందుకున్నవారి సంతకంతో కూడిన రసీదు తిరిగి వచ్చేది. ఇంటిల్లిపాదీ ఆ రసీదు కోసం ఎదురుచూసేవారు. ఎఫ్.టి.పి.లో సర్వరు పంపే మూడంకెల సంఖ్యలు అటువంటి రసీదులే. వాటిలో మొదటి అంకెను చూస్తే విషయం సగం తెలిసిపోతుంది. 1తో మొదలైతే పని ఆరంభమైంది, వేచి ఉండమని అర్థం. 2తో మొదలైతే పని పూర్తయింది. 3తో మొదలైతే మరికొంత సమాచారం కావాలి. 4తో మొదలైతే ప్రస్తుతానికి వీలుకాలేదు, మళ్లీ ప్రయత్నించవచ్చు. 5తో మొదలైతే అదే ఆదేశాన్ని తిరిగి పంపినా ప్రయోజనం లేదు.

కలిపిన వెంటనే సర్వరు 220 అని పలకరిస్తుంది. అప్పుడు క్లయింట్ ‘యూజర్’ అనే ఆదేశంతో పేరు చెబుతుంది. సర్వరు 331 అంటుంది. అంటే రహస్యపదం కావాలని అర్థం. ‘పాస్’ అనే ఆదేశంతో దానిని పంపితే 230 వస్తుంది. అంటే ప్రవేశం లభించింది. తరువాత ‘టైప్’ అనే ఆదేశం. వాక్యాలున్న ఫైళ్లను పంపేటప్పుడు పంక్తి చివరనుండే గుర్తులను ఆయా యంత్రాలకు అనుగుణంగా మార్చే పద్ధతి ఒకటుంది. మేఘచిత్రం వంటి ఫైలును ఆ పద్ధతిలో పంపితే, చిత్రంలోని బైట్లను కూడా పంక్తి గుర్తులుగా పొరబడి మార్చే ప్రమాదం ఉంది. అందుచేత ఉన్నది ఉన్నట్లుగా పంపమని ముందే కోరాలి.

ఎఫ్.టి.పి.లో మాటలు ఒక దారిన, ఫైలు మరొక దారిన ప్రయాణిస్తాయి. ఆదేశాలూ జవాబులూ 21వ ద్వారం మీదుగా సాగితే, ఫైలుకు ప్రత్యేకంగా మరొక ద్వారం తెరవాలి. ‘పాసివ్’ అనే ఆదేశం పంపితే సర్వరు 227 అని చెప్పి, ఆరు సంఖ్యలను ఇస్తుంది. మొదటి నాలుగూ చిరునామా. చివరి రెండూ ద్వారం నంబరును తెలుపుతాయి. ఐదవ సంఖ్యను 256తో గుణించి, ఆరవ సంఖ్యను కూడాలి. ఉదాహరణకు ఆ రెండూ 195, 80 అయితే, 195ను 256తో గుణించగా 49,920 వస్తుంది. దానికి 80 కలిపితే 50,000. ఆ నంబరుకు మరొక సాకెట్‌ను కలపాలి. అప్పుడు ‘రిట్రీవ్’ అనే ఆదేశంతో ఫైలు పేరు చెబితే, సర్వరు 150 అని జవాబిచ్చి ఫైలును ప్రవహింపజేస్తుంది.

ఇప్పుడు ఈ పాఠానికి ఆయువుపట్టు వంటి ఘట్టం వస్తుంది. ఫైలు పూర్తయిందని క్లయింట్‌కు ఎలా తెలుస్తుంది? సాధారణ విధానంలో ఫైలు అయిపోగానే సర్వరు రెండవ దారిని మూసివేస్తుంది. అప్పుడు రిసీవ్ ప్రమేయం సున్నను తిరిగి ఇస్తుంది. కాని ఫైలును పంపుతున్న ప్రోగ్రాము సగంలో కుప్పకూలినా ఆ దారి మూసుకుపోవచ్చు. అప్పుడు కూడా రిసీవ్ అదే సున్నను ఇవ్వవచ్చు. కాలువలో నీరు ఆగింది. వదలవలసిన నీరంతా వదిలారా, లేక ఎగువన గండి పడిందా? దిగువన నిలబడి చూచేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తలుపు మూసుకోవడాన్ని బట్టి మాట పూర్తయిందని నిర్ణయించరాదు.

కనుకనే ఫైలు పంపడం ముగిసిన తరువాత సర్వరు మొదటి దారిలో 226 అనే జవాబు పంపుతుంది. దాని అర్థం పంపవలసినది పూర్తిగా పంపానని. మధ్యలో తెగిపోతే 426 రావచ్చు. సర్వరులోనే లోపం కలిగితే 451 రావచ్చు. అసలేమీ రాకపోవచ్చు కూడా. 226 కోసం ఆగని క్లయింట్ సగం ఫైలును పూర్తి ఫైలుగా భ్రమిస్తుంది. అంతటితోనూ జాగ్రత్త ముగియదు. ‘సైజ్’ అనే ఆదేశంతో ముందుగానే ఫైలు పరిమాణాన్ని అడిగి తెలుసుకుని, వచ్చిన బైట్ల మొత్తంతో సరిచూడవచ్చు. తన వైపున డిస్కు నిండిపోయి ఫైలును రాయలేకపోతే ఆ సంగతిని కూడా గమనించాలి. సందేశం గుమ్మం దాకా వచ్చి లోపలికి చేరకపోతే, అదీ చేరనట్లే.

సగం సందేశం ఒక్కొక్కప్పుడు సందేశం లేకపోవడం కంటే ప్రమాదకరం. తుపాను తీరం దాటే చోటు ఉన్న పంక్తి వరకు వచ్చి, ఖాళీ చేయవలసిన గ్రామాల జాబితా సగంలో తెగిపోతే, జాబితాలో పేరు కనిపించని ఊరివారు తమకు భయం లేదని నిశ్చింతగా ఉండిపోవచ్చు. ఈ ప్రమాదాన్ని నివారించే ఉపాయం మిక్కిలి సరళమైనది. ఫైలును మొదట ఒక తాత్కాలిక నామంతో రాయాలి. అన్నీ సరిపోయిన తరువాతనే అసలు పేరు పెట్టాలి. సి భాషలో ‘రీనేమ్’ అనే ఒక్క ప్రమేయంతో ఈ పని జరుగుతుంది. అప్పుడు అసలు పేరుతో కనిపించే ఫైలు ఎల్లప్పుడూ పూర్తి ఫైలే అవుతుంది. వాతావరణ సమాచారాన్ని ఫైళ్లుగా పంపేవారికి ప్రపంచ వాతావరణ సంస్థ సూచించిన పద్ధతి కూడా ఇటువంటిదే. తాత్కాలిక నామంతో పంపి, పూర్తయిన తరువాత పేరు మార్చవలెనన్నది దాని సారాంశం.

నిశ్శబ్దాన్ని గురించి కూడా ఆలోచించాలి. తీగ తెగినప్పుడు అవతలివారు వీడ్కోలు చెప్పరు. జవాబు కోసం క్లయింట్ అనంతంగా ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. కనుక సాకెట్‌కు ఒక గడువు విధించాలి. గడువులోగా జవాబు రాకపోతే, దానిని వైఫల్యంగానే పరిగణించాలి. నిశ్శబ్దాన్ని క్షేమంగా భావించరాదు. విఫలమైనప్పుడు మొదటి నుండి ప్రారంభించనవసరం లేకుండా, ఆగినచోటు నుండి కొనసాగించే ‘రీస్టార్ట్’ అనే ఆదేశాన్ని అనేక సర్వర్లు అంగీకరిస్తాయి. చివరికి మెయిన్ ప్రమేయం తన ఫలితాన్ని ఒక సంఖ్యగా తిరిగి ఇవ్వాలి. సున్న అయితే సఫలం. మరే సంఖ్య అయినా విఫలం. ఆ సున్నను నమ్మి మరొక ప్రోగ్రాము తన పనిని మొదలుపెట్టవచ్చు. అందువల్ల సున్న పలకడమంటే బాధ్యత వహించడమే.

ఎఫ్.టి.పి.కి ఒక పెద్ద లోపం ఉంది. ఇందులో పేరు, రహస్యపదం, ఫైలు అన్నీ బహిరంగంగానే ప్రయాణిస్తాయి. దారి మధ్యలో ఉన్నవారు వాటిని చదవగలరు. పరస్పర విశ్వాసం గల కొద్దిమంది పరిశోధకుల కోసం పుట్టిన నియమావళి కావడమే ఇందుకు కారణం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అనే ప్రసిద్ధ బ్రౌజర్లు 2021లో దీనికి తమ మద్దతును విరమించాయి. గూఢలిపిని ఉపయోగించే ఎస్.ఎఫ్.టి.పి. వంటి పద్ధతులు నేడు దీని స్థానాన్ని ఆక్రమించాయి. కనుక విద్యార్థులు ఎఫ్.టి.పి. క్లయింట్‌ను ప్రయోగశాలలో నేర్చుకోవడానికే రాయాలి. అసలు రహస్యపదాలను దానికి అప్పగించరాదు. అయినా ఆదేశానికి జవాబు, జవాబుకు సరిచూపు అనే సూత్రం మాత్రం కొత్త పద్ధతులలోనూ మారలేదు.

1990 మే 9వ తేదీన మరొక తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. బలంలో అది 1977 నాటి తుపానుతో పోల్చదగినది. కాని ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య 967. ఒక్క ప్రాణమైనా అమూల్యమే కాబట్టి అది చిన్న సంఖ్య కాదు. కాని పదివేలకూ దానికీ ఉన్న అంతరం వేలాది కుటుంబాలకు దక్కిన జీవితం. ఆ ఫలితం ఒక్క హెచ్చరిక వల్లనే వచ్చినది కాదు. తుపాను ఆశ్రయ భవనాలు, ఊరూరా తిరిగిన ఉద్యోగులు, అనుభవంతో మేల్కొన్న ప్రజలు అందరూ అందుకు కారకులే. అయితే హెచ్చరిక చివరి గుడిసె దాకా చేరి, అక్కడివారు లేచి బయలుదేరినప్పుడే తక్కినవన్నీ ఫలించాయి.

యంత్రాల మధ్య నడిచే చిన్న ఫైలుకూ, సముద్రతీరాన నిద్రిస్తున్న గ్రామానికి వెళ్లే కబురుకూ పరిమాణంలో పోలిక లేకపోవచ్చు. ధర్మం మాత్రం ఒకటే. పంపినవారి బాధ్యత పంపడంతో తీరదు. చేరినట్లు జవాబు విన్నప్పుడే తీరుతుంది. సి భాషలో రెండు మూడు వందల పంక్తుల ప్రోగ్రామును శ్రద్ధగా రాసిన విద్యార్థి ఈ సత్యాన్ని తన చేతులతో తెలుసుకుంటాడు. రేపు అతడు ఏ రాడార్ కేంద్రంలో, ఏ ఆసుపత్రిలో, ఏ కార్యాలయంలో పనిచేసినా, ఆ పాఠం అతనికి తోడుగా నిలుస్తుంది.